పిల్లలు గ్రంథాలయమున నేర్చునదేమి?



"అక్షరములే కూడబలుకుకొనలేని పసివారిని గ్రంథాలయమునకు తీసికొనిపోయిన ఏమి ప్రయోజనము?" అని మా పొరుగింటి ఇల్లాలు ఒకనాడు మమ్మడిగినది. ఆమె పరిహాసమునకు అడుగలేదు. ఖమ్మము నుండి భద్రాచలము పోవు మార్గమున, పొలములు ముగిసి అడవి మొదలగు తావున మా యూరున్నది. ఇచ్చటి తల్లులు వేకువనే లేచి పత్తిచేలకో మిరపతోటలకో పోయి ప్రొద్దుగ్రుంకిన పిదప ఇల్లు చేరుదురు. వేసవి వచ్చెనా, తునికాకు కోతకు అడవి దారి పట్టుదురు. అట్టి యిండ్లలో బిడ్డ బడికి పోవుటయే గొప్ప. బడి విడిచిన వెనుక మఱియొక చోట కూర్చుండి కథల పుస్తకములు త్రిప్పుట వారికి వట్టి ప్రొద్దుపుచ్చుటగా తోచినచో వింత లేదు.

ఆనాడు మేము ఆమెకు తగిన బదులు చెప్పలేకపోతిమి. అటుపిమ్మట రెండేండ్లుగా, శనివారము సాయంకాలములందు ఎనమండుగురు పిల్లలను వెంటబెట్టుకొని దాపున నున్న శాఖాగ్రంథాలయమునకు పోయి వచ్చుచున్నాము. ఆ పిల్లలలో ఆరేండ్ల వారు మొదలు పదేండ్ల వారి వరకు కలరు. కన్నది కన్నట్లు ఇప్పుడు చెప్పగలమని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట ఒక్క సంగతి మనవి చేయవలెను. ఈ గ్రంథాలయములు మనకు ఊరక వచ్చినవి కావు. హైదరాబాదున 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజావారగు నాయని వేంకటరంగారావుగారు దానికి పూనికతో పాటుపడినవారు. తెలుగున చదువు చెప్పు బడులే అరుదుగా నున్న ఆ రాజ్యమున తెలుగు పుస్తకమునకు ఒక నిలువనీడ కల్పించుట ఎంత సాహసమో యోచింపుడు. 1904లో హనుమకొండ యందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము పుట్టినది. కృష్ణాతీరమున అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారి కృషివలన 1914 ఏప్రిలు నెలలో బెజవాడ యందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినది. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు సీమ కాలువలలో పడవలకు పుస్తకముల పెట్టెల నెక్కించి, ప్రయాణము చేయువారిచే చదివించిరి. మన ఖమ్మమున 1934లో ఆంధ్ర మహాసభ జరిగినపుడు దానితోపాటు స్త్రీల సభయు జరుగగా, ఎల్లాప్రగడ సీతాకుమారిగారు అధ్యక్షత వహించిరి. తొంబదేండ్ల క్రిందటనే ఈ గడ్డపై స్త్రీలు సభ తీర్చి మాటలాడిరన్నమాట మన బిడ్డలకు తెలియవలదా?

ఈ సరిహద్దుసీమకు మఱియొక విశేషము కలదు. ఖమ్మము నిజాము రాజ్యమున నుండగా, గోదావరి కావలి భద్రాచలము మదరాసు రాజధానిలో నుండినది. అందుచేత గ్రంథాలయ చట్టమును గూడ ఏరు రెండు చేసినది. మదరాసున 1948లో నొకటి, హైదరాబాదున 1955లో నొకటి వచ్చినవి. 1959లో భద్రాచలము తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాలో కలసినది. 1960లో రెండు సీమలకును ఒక్క చట్టమే వర్తించినది. 2016 నుండి భద్రాచలము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఆ చట్టమును బట్టి మనము చెల్లించు ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కట్టుచున్నాము. ఇంటిపన్ను రసీదు చేతికి వచ్చినపుడు ఇల్లాండ్రు ఆ పంక్తిని ఒకమారు చూడవలెను. గ్రంథాలయమునకు పోవుట ఒకరి దయకు చేయి చాచుట కాదు. మన సొమ్ముతో నడచు ఇంటికి మనము పోవుటయే.

ఇక పిల్లల మాట.

మొదటినాడు మా పిల్లలు గ్రంథాలయమును సంతగా మార్చిరి. ఒకడు కుర్చీలు లాగెను. ఒకతె కిటికీ యెక్కినది. పత్రిక చదువుచున్న వృద్ధుడొకరు కండ్లద్దములు నుదుటి మీదికి త్రోసి వారివంక చూచి, మరల చదువుకొనసాగిరి. ఆయన కసరలేదు. ఆ చూపు చాలినది. మూడు నాలుగు వారములలో వారంతట వారే మెల్లగా మాటలాడ నేర్చిరి. బడిలోని మౌనము బెత్తమునకు వెఱచి కలుగునది. ఇచ్చటి మౌనము పక్కవాని చదువు చెడునేమో యని కలుగునది. కూలివాని కొడుకును, దుకాణదారుని కూతురును, రైతు మనుమడును ఒక్క బల్ల చుట్టును కూర్చుండి, ఒకరికొకరు అడ్డురాకుండ మెలగుట అచ్చట నేర్చిన మొదటి పాఠము.

రెండవది పొందిక. పుస్తకముల వీపులపై అంకెల చీట్లుండును. మెల్విల్ డ్యూయీ అను అమెరికా దేశస్థుడు 1876లో విద్యలన్నింటిని పది తరగతులుగా విభజించి ఒక్కొక్కదానికి అంకెల నిచ్చెను. శాస్త్రములు 500తోను, సాహిత్యము 800తోను, చరిత్ర భూగోళములు 900తోను మొదలగును. పసివారికి ఈ లెక్కయంతయు పట్టదు. కాని ప్రతి వస్తువునకు ఒక తావు కలదనియు, తీసినదానిని ఆ తావుననే పెట్టనిచో తరువాతివానికి దొరకదనియు ఆరేండ్ల పిల్లకు సయితము తెలియును. మా గుంపులోని చిన్నపిల్ల తల్లి నవ్వుచు మాతో ననినది: "దీని తోటి చావొచ్చిందమ్మా! కొడవలి తీసిన కాడ పెట్టలేదని వాళ్ల నాయన్ని సతాయిస్తున్నది." అక్షరములు పూర్తిగా రాని పిల్ల గ్రంథాలయము నుండి ఇంటికి తెచ్చిన విద్య అది.

మూడవది ఎన్నుకొనుట. బడిలో అందఱికి ఒక్కటే పాఠము. ఇంట అందఱికి ఒక్కటే కూర. పల్లెటూరి బిడ్డకు "నీకేది కావలెను?" అని అడుగువారరుదు. గ్రంథాలయమున బీరువా యెదుట నిలిచినపుడు తొలిసారి ఆ ప్రశ్న వానికి ఎదురగును. ఒక బాలుడు లావుపాటి పుస్తకము తీసి, రెండు పుటలకే అలసి, సిగ్గుపడుచు మార్చుకొనెను. అది ఓటమి కాదు. తన బలమెంతయో తానే తూచుకొనెను. షియాలి రామామృత రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రములలో చదువరి యొక్కొక్కనికి తగిన పుస్తకమును, పుస్తక మొక్కొక్కదానికి తగిన చదువరియు నుండవలెనను రెండు సూత్రములు కలవు. ఆ రెండును కలిసికొను చోటు ఆ బీరువా ముందటి నాలుగడుగుల నేలయే. అక్కడ తల్లులు తొందరపడి "ఇది కాదు, అది తీసికో" అనరాదు. మేమును మొదట అట్లే అంటిమి. పిల్లవాడు మేమిచ్చిన పుస్తకమును బుద్ధిగా తీసికొనిపోయి, చదువక తెచ్చి ఇచ్చినపుడు మాకు బుద్ధి వచ్చినది.

మా గుంపులో కోయబాలు డొకడు కలడు. బడిలో వాడు నోరు మెదపడని పేరు. ఇంట కోయభాష, బడిలో తెలుగు; మధ్యను మౌనము. కోయభాష గోండికి దగ్గఱచుట్టము, మన తెలుగుకు దూరపుచుట్టము. ఇంటిభాష నుండి తెలుగునకు బిడ్డలు మెట్టుమెట్టుగా వచ్చునట్లు 2004లో కోయ, సవర, గోండి మున్నగు ఎనిమిది భాషలలో ఉమ్మడి రాష్ట్రము వాచకములతో బోధన నారంభించినది. అట్టి యేర్పాటు అన్ని బడులకును అందునా? ఈ బాలుడు అడవి జంతువుల బొమ్మల పుస్తకమొకటి తీసెను. ఒక్కొక్క బొమ్మపై వ్రేలుంచి, తనలో తాను, తన భాషలో పేరు చెప్పుకొనసాగెను. పక్కనున్న పిల్ల విని, "మళ్లీ చెప్పవా?" అని అడిగినది. వాడు చెప్పెను. మఱునిమిషమున ఏడుగురును వాని చుట్టు చేరిరి. ఏ జంతువు ఏ నీటికి ఏ వేళ వచ్చునో, ఇప్పపూలు రాలు కాలమున ఎలుగుబంటి యెట్లు చెట్ల క్రిందికి చేరునో పుస్తకమున లేని సంగతులు వాడు చెప్పెను. ఆనాడు తక్కిన పిల్లలు నేర్చినది చిన్నది కాదు. మన భాష రానివాడు తెలివి లేనివాడు కాడనియు, పుస్తకమునకు అవతల గూడ విద్య కలదనియు వారికి తెలిసినది. ఆ బాలునికి మాత్రము తన నోటిమాటకు పుస్తకమునందలి బొమ్మకు చుట్టరికము కలదని తెలిసినది. ఆ మఱుసటి వారమునుండి వాడు బడిలో బదులు చెప్పుచున్నాడు.

పెద్దపిల్లలు పత్రికల బల్లకడకు చేరిరి. మాకు గోదావరి యన్న దేవత, వానకాలమున భయము. భద్రాచలము కడ నీరు 43 అడుగులు చేరినచో మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఇంట పెద్దలు "ఏరు పెద్దగొచ్చింది" అని యందురే కాని ఆ పెద్దయెంతో పిల్లలకు తెలియదు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినదని చదివి, పదేండ్ల పిల్ల సుద్దముక్కతో గోడపై గీతలు గీచి చెల్లెండ్రకు చూపినది. "53 దాటినాక ఇంకా ఇరవై రెండడుగులా!" అని ఆ పిల్లలు నోరు తెఱచిరి. వారు చదివినది వార్త. తెలిసికొనినది తమ తాతలు పడిన కష్టము.

ఇప్పుడొక సంగతి చెప్పవలెను. చెప్పుటకు మాకు సిగ్గుగానే యున్నది. అయినను చెప్పక తీరదు.

గత వానకాలమున తొమ్మిదేండ్ల బాలుడొకడు పక్షుల పుస్తకమును ఇంటికి తెచ్చుకొనెను. వాగు కావలి పల్లెలో నున్న అమ్మమ్మకు బొమ్మలు చూపవలెనని గుడ్డసంచిలో వేసికొని పోవుచుండగా కాలుజాఱి, సంచి వాగుపాలైనది. శనివారము వాడు రాలేదు. మేము వాని యింటికి పోగా తల్లి వాకిట నిలిచి, "వద్దమ్మా, మావోడ్ని ఇంక తోలియ్యను. పుస్తకం పోగొట్టిండు. దండుగ ఎంతేస్తరో ఏమో!" అనినది. బాలుడు తలుపు చాటున నున్నాడు.

పుస్తకము వెల 90 రూపాయలు. ఆ తల్లికి భారము కలుగకుండ, బాలుని చదువు ఆగకుండ మేమొక ఉపాయము పన్నితిమి. అట్టి పుస్తకమునే మేము తెప్పించి తిరిగి యిచ్చునట్లును, అంతదాక ఎవరితోను అనవద్దని బాలునికి చెప్పునట్లును నిశ్చయించితిమి. మేలు చేయుచున్నామనియే అనుకొంటిమి. పై శనివారము వానిని వెంటబెట్టుకొని పోయితిమి. గ్రంథపాలకుని బల్ల ముందఱికి రాగానే ఆ బాలుడు మా చేయి విడిపించుకొని, "సార్, పుస్తకం వాగుల పోయింది. నేనే పోగొట్టిన," అని గ్రుక్కతిప్పుకొనకుండ చెప్పివేసెను.

గ్రంథపాలకుడు పుస్తకముల పట్టీ తీసెను. అట్టిదే మఱియొక ప్రతిగాని, వెలగాని చెల్లింపవలెనను నియమము చదివి వినిపించి, పేరెదుట పోయిన సంగతి వ్రాసికొనెను. కోపపడలేదు, జాలియు పడలేదు. పెద్దవానితో మాటలాడినట్లే మాటలాడెను. ఆ సాయంకాలము మేము తల్లికి సగము సొమ్మిత్తుమనగా, "మీరెందుకు కడతరమ్మా? పోగొట్టింది మావోడు గదా!" అని ఆమె తన కూలిడబ్బులలో నుండి 90 రూపాయలు లెక్కపెట్టి వాని చేతనే పంపినది. సొమ్ము కట్టి, రసీదు తీసికొని, బాలుడు మఱియొక పుస్తకము తెచ్చుకొనెను. నాటినుండి పుస్తకమును ఎరువుసంచి ముక్కలో చుట్టికాని వాడు వాకిలి దాటడు.

హరిశ్చంద్రుని కథ మేము ఈ పిల్లలకు ఎన్ని మార్లో చెప్పియుంటిమి. అవసరము వచ్చినపుడు మేము నేర్పబోయినది దాపరికము. వాడు నేర్చుకొనినది సత్యము. అరువు తెచ్చుకొనినదానికి బాధ్యుడ నేననెడు జ్ఞానమును ఆ బల్లయు, ఆ పట్టీయు వానికిచ్చినవి. ఈ విద్యకు ఇంతకంటె చౌకయైన బడి మఱెక్కడ దొరకును?

పుస్తకములు చినుగును, పోవును అను భయముతో పిల్లలకు అందనీయని చోటులును కలవు. ఒకచోట దాతలిచ్చిన పిల్లల పుస్తకములు కొత్తదనము పోకుండ బీరువాలో పెట్టి తాళము వేసిరి. కొన్నేండ్లకు తెఱచి చూడగా చెదలు తినియుండెను. పిల్లల చేత నలిగిన పుస్తకము తన పని చేసి నలిగినది. చెదల పాలైనది ఎవరికిని ఏమియు కాకపోయినది. ఆ తాళము చూచినప్పటినుండి మాకు వాగులో పోయిన పుస్తకమును గూర్చి దుఃఖము లేదు.

మఱియొకటి. గ్రంథాలయమున పుస్తకము తీసికొనునపుడు చేవ్రాలు చేయవలెను. మా పిల్లలలో ముగ్గురి తల్లులు ఎచ్చటనైనను వ్రేలిముద్ర వేయువారే. ఒక తల్లి బిడ్డవెంట వచ్చి, వాడు తన పేరు వ్రాయుచుండగా వంగి చూచినది. ఇంటికి వచ్చు దారిలో "నా పేరు గూడ అంతేసి అచ్చరాలేనా?" అని అడిగినది. ఏకలవ్యుడు అడవిలో తనంత తాను విద్య నేర్చి బొటనవ్రేలిని గురుదక్షిణగా ఇచ్చెను. మన అడవి తల్లుల వ్రేళ్లు తరతరములుగా సిరాడబ్బాలకే అంకితమైనవి. ఆమె ఇప్పుడు కొడుకు పలకమీద తన పేరు దిద్దుకొనుచున్నది.

భద్రాచలమునకు ఎదుటిగట్టున సారపాకలో కాగితపు మిల్లు కలదు. 1979లో కాగితము తయారు చేయ నారంభించినది. మా చేల గట్లమీద పెంచిన జామాయిలు, సుబాబులు కఱ్ఱ లారీలమీద అచ్చటికి పోయి కాగితమగును. ఆ లారీలు పోవుట చూచు పిల్లల యిండ్లలో బడిపుస్తకములు తప్ప వేఱు పుస్తకము లేదు. కఱ్ఱ మనది, కాగితము మన యెదుటిది. దానిపై నచ్చుపడిన కథ మాత్రము మన గుమ్మము త్రొక్కదు. ఈ లోటును తీర్చునది గ్రంథాలయ మొక్కటే. సెల్‌ఫోనులో బొమ్మలు లేవా యందురేమో. ఉన్నవి. కాని ఆ బొమ్మలు పిల్లవానిని లాగుకొని పోవును. పుస్తకమున పుట త్రిప్పువాడు పిల్లవాడే. ఎచ్చట ఆగవలెనో, ఎచ్చట వెనుకకు పోవలెనో వాని యిష్టము.

బరోడా సంస్థానమున సయాజీరావు గాయిక్వాడు మహారాజుగారు 1910లో అమెరికా నుండి బోర్డెన్ అను నిపుణుని రప్పించి, రాజ్యమంతట గ్రంథాలయములు నెలకొల్పిరి. నగరమున స్త్రీలకును పిల్లలకును వేఱువేఱు శాఖలు తీర్చిరి. తల్లి పోవు చోటికి బిడ్డ పోవును గదా! ఆ రాజు కనిపెట్టిన రహస్య మిదియే. కాబట్టి మేము ఇల్లాండ్రను వేడుకొనునది బిడ్డను గ్రంథాలయమునకు పంపుడని కాదు, వెంట పొండని.

చేయవలసినది కొంచెమే. మీ దాపున నున్న గ్రంథాలయము ఏ వేళల తెఱచియుండునో కనుగొనుడు. వారమున కొక్కదినము నిర్ణయించి దానిని తప్పకుడు. చిల్లర ధరావతు కట్టి బిడ్డ పేరనే సభ్యత్వము తీసికొనుడు. పుస్తకమును వానినే యెన్నుకొననిండు. ఇంట దీపము పెట్టిన తరువాత పావుగంట బిగ్గఱగా చదువుడు. చదువురాని తల్లియైనచో బిడ్డచే చదివించుకొని వినుడు. మన పూర్వులు పురాణములను విని యెఱిగిరి గాని అందఱును చదివి యెఱిగిరా? వినువారుండుటచేతనే చదువువాడు పుట్టును. గ్రంథాలయమున పిల్లల పుస్తకములు లేకున్నచో అడుగుడు. అడుగువారు లేనందున కొననివియు కొన్ని కలవు.

నవంబరు 14 మొదలు 20 వరకు ఏటేట గ్రంథాలయ వారోత్సవములు జరుగును. మొదటి దినము బాలల దినముగూడ. ఆరంభమునకు అంతకంటె మంచిరోజు లేదు. అంతవరకు ఆగవలెననియు లేదు.

మొన్న శనివారము మేము బయలుదేరుచుండగా పొరుగింటి ఇల్లాలు తన నాలుగేండ్ల మనుమని చేయి పట్టుకొని మా వాకిట నిలిచినది. "వీనికి అచ్చరాలింకా రావు. అయినా తీస్కపోతరా?" అని అడిగినది. తీసికొనిపోయితిమి. వాడు ఒక ఏనుగు బొమ్మయెదుట గంటసేపు కూర్చుండెను. లేచునపుడు పుస్తకమును మూసి, తీసిన చోటనే పెట్టెను.